వాణి పేరున వచ్చిన రక్తం

2004 జూలైలో కడప నుంచి డెప్యుటేషన్ మీద కర్నూలుకు వచ్చాను. అప్పటిదాకా నేను బయోకెమిస్ట్రీ రీడర్‌ని. కొత్త హోదా సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్. పేరు పెద్దదే గాని, నాకు అప్పగించింది ఒక నరాల జబ్బుల వైద్య కేంద్రం వెనక రెండు గదుల ల్యాబు, ఒక పాత సెంట్రిఫ్యూజు, బాషా అనే టెక్నీషియన్. మా పైన న్యూరాలజిస్టు డాక్టర్ రామ్మోహన్. ప్రాజెక్టు ముఖ్య పరిశోధకుడు ఆయనే. ఇందులోని పేర్లన్నీ మార్చి రాస్తున్నాను.

మా పని నలభై ఏళ్ళు దాటకముందే చేతులు వణికే జబ్బు వచ్చినవారి రక్తంలో పార్కిన్ అనే జన్యువును పరిశీలించడం. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ పేరు కూడా పార్కిన్. అది యుబిక్విటిన్ లైగేజుల్లో ఒకటి.

ఈ మాటను కొంచెం వివరించాలి. కణంలో ప్రొటీన్లు తయారవుతూ ఉంటాయి, పాడవుతూ ఉంటాయి. పాడైనదాన్ని తీసివేయాలంటే ముందు దానికి ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు యుబిక్విటిన్ అనే బుల్లి ప్రొటీన్. కొన్ని యుబిక్విటిన్లను గొలుసులా తగిలిస్తే, ఆ గొలుసు ఉన్న ప్రొటీన్‌ను కణం ముక్కలు చేసి పారేస్తుంది. గుర్తు పెట్టే పని మూడు ఎంజైములది. మొదటిది యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది, రెండోది మోసుకొస్తుంది, మూడోదైన లైగేజు దాన్ని దేనికి తగిలించాలో చూస్తుంది. పార్కిన్ చేసేది ఈ మూడో పని. అది చెడిపోతే మెదడులో కదలికలను నడిపే కొన్ని కణాలు తొందరగా చచ్చిపోతాయి.

పెద్ద ప్రొటీన్‌లో తనంతట తాను మడతపడి ఒక పని చేయగలిగే భాగాన్ని డొమైన్ అంటాం. నేను చూస్తున్నది పార్కిన్‌లోని రింగ్ డొమైన్. దాని ఆకారమంతా రెండు జింకు అయాన్ల మీద నిలబడి ఉంటుంది. ఒక్కో జింకును నాలుగు అమైనో ఆమ్లాలు, ఎక్కువగా సిస్టీన్లు, నాలుగు వైపుల నుంచి పట్టుకుంటాయి. గుడారానికి తాళ్ళు కట్టినట్టు. ఒక్క సిస్టీన్ తప్పుకున్నా ఆ పక్కంతా కూలిపోతుంది. కూలితే యుబిక్విటిన్‌ను మోసుకొచ్చిన రెండో ఎంజైముకు ఆనుకునే చోటు ఉండదు. అప్పట్లో మేము పార్కిన్‌ను ఇలా చోటిచ్చే వేదికగా మాత్రమే అనుకునేవాళ్ళం. దాని చివరి డొమైన్‌లోని ఒక సిస్టీన్ యుబిక్విటిన్‌ను కాసేపు తన మీదే ఉంచుకుని తర్వాత అందిస్తుందని తర్వాతి దశాబ్దంలో తేలింది. మా పనికి అది అడ్డు రాలేదు.

ఆ ఏడు చలికాలంలో కర్నూలు పాతబస్తీ నుంచి ఒక వ్యాపార కుటుంబం వచ్చింది. తండ్రి సుబ్బయ్య శెట్టికి బట్టల అంగడి. భార్య నారాయణమ్మ ఆయనకు సొంత అక్క కూతురే. కొడుకు ప్రసాదుకు ముప్ఫై నిండలేదు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే వేళ్ళు వాటంతట అవే కదులుతున్నాయి. అంగడిలో గుడ్డ చించలేకపోతున్నాడని తండ్రి ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. మిగతా మాటలన్నీ నారాయణమ్మవే.

“మావోనికి మందు పెట్టినారు సార్. పెండ్లయిన ఏడాదికే చెయ్యి వణకబట్టింది. అంతకు ముందు గుండ్రాయి మాదిరి ఉండె.”

మందు పెట్టడమంటే ఇక్కడ అన్నంలో వశీకరణ పదార్థమేదో కలిపి పెట్టడం. దాన్ని కక్కించేవాళ్ళు కూడా ఉంటారు. ప్రసాదును అలాంటి ఒకరి దగ్గరికి తీసుకుపోయారు. ఏదో పసరు తాగిస్తే అతను నల్లటి ముద్ద ఒకటి కక్కాడు. ఆ ముద్దను పొట్లం కట్టించి తెచ్చి బీరువాలో పెట్టింది నారాయణమ్మ. మందు పెట్టింది ఎవరని డాక్టరుగారు అడిగారు. ఆమె తలుపు వైపు చూసింది. అక్కడ కోడలు పద్మావతి నిలబడి ఉంది.

పద్మావతిది బయటి సంబంధం. కల్లూరులో ఆమె తండ్రికి చిన్న పిండిమర ఉంది. మూడు తరాలుగా అందరూ మేనరికాలే చేసుకున్న ఆ ఇంట్లో పరాయి పిల్ల ఆమె ఒక్కతే. అనుమానానికి వాళ్ళకు అంతకంటే ఆధారం అక్కర్లేకపోయింది.

అత్త బయటికి వెళ్ళాక ఆమె నాతో మెల్లగా అంది: “పెండ్లిచూపుల్లోనే ఆయన ఎడమచెయ్యి జేబులో పెట్టుకోని తియ్యలేదు మేడమ్. కాఫీ గూడా కుడిచేత్తోనే తీసుకున్న్యాడు. సిగ్గేమో అనుకుంటి.”

ఈ మాట నిజమైతే జబ్బు పెళ్ళికి ముందునుంచే ఉన్నట్టు. ఆమె తనను కాపాడుకోవడానికి కల్పించి ఉండవచ్చు కూడా. రెండూ రాసుకున్నాను.

కుటుంబ పటం గీసుకోవడానికి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరికి ఏ జబ్బో గీతలతో చూపించే పటం అది. ప్రసాదు చెల్లెలు వాణిని అప్పుడే చూశాను. ఇరవై రెండేళ్ళ పిల్ల. మేడ మీద నుంచి నాకు నీళ్ళు తెచ్చింది. చివరి మెట్ల దగ్గర ఆమె కుడిపాదం వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, అడుగు పక్కకు పడింది. పొద్దున బాగుండి, సాయంత్రానికి పాదం ఇలా మెలిపడడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

నేను అడగకముందే నారాయణమ్మ అందుకుంది: “మెట్ల మీద జారింది లే మేడమ్. బెణికినాది.”

వాణికి తన మేనమామ కొడుకుతో పెళ్ళి నిశ్చయమైందని, వేసవిలో ముహూర్తమని కూడా చెప్పింది. పటంలో వాణి పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని లేచాను.

ఆ ఇంట్లో ఇంకో తగువు కూడా నడుస్తోందని వీధివాకిట్లో పద్మావతి చెప్పింది. పెద్దమనుషులు కూర్చుని, మందు పెట్టలేదని ఒంటిమిట్ట రాముడి ముందు ఆమె ప్రమాణం చెయ్యాలని తేల్చారు. చెయ్యకపోతే పుట్టింటికి పంపేస్తారు. “రేపే పోదాం పదమని నేను అంటాండా మేడమ్. మాయత్తనే ఈ వారం కాదు, వచ్చే వారమంటాంది.” నింద మోపినవాళ్ళే ప్రమాణాన్ని వాయిదా వేస్తూ ఉండడం నాకు వింతగా తోచింది. ప్రమాణానికి నింద మోపినవాళ్ళూ నింద పడినవాళ్ళూ ఇద్దరూ పోవాలి. దేవుడి ముందు అబద్ధం నిలబడదన్న భయం ఆ ఇద్దరిలో ఎవరికి ఉందో ఆలోచించాను. కాని ఆలోచన ఆధారం కాదు.

ఆ తర్వాత నేను కొన్ని వారాలు హైదరాబాదులో ఉండాల్సి వచ్చింది. రింగ్ డొమైన్‌ను బ్యాక్టీరియాలో తయారుచేయించి, శుభ్రపరిచి, పనిచేస్తోందో లేదో చూసే పరీక్షకు కావలసిన పరికరాలు అక్కడి ల్యాబులో ఉన్నాయి. నేను లేనప్పుడే రక్తం తీశారు. కూతురు ఆసుపత్రి గడప తొక్కితే నలుగురూ చూస్తారని నారాయణమ్మ పట్టుబట్టడంతో బాషా ఇంటికే వెళ్ళి తండ్రిది, తల్లిది, ప్రసాదుది, వాణిది తీసుకొచ్చాడు. బాషా అంతకుముందు వాళ్ళెవరినీ చూడలేదు.

నేను తిరిగొచ్చాక ఫలితాలు వచ్చాయి. ప్రసాదుకు ఆ జన్యువు రెండు కాపీల్లోనూ మార్పు ఉంది. జింకును పట్టుకోవాల్సిన ఒక సిస్టీన్ ఉండాల్సిన చోట గ్లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంది. తండ్రికి ఒక కాపీలో ఆ మార్పు, తల్లికి ఒక కాపీలో అదే మార్పు. ఇద్దరి నుంచీ చెడిన కాపీలే ప్రసాదుకు చేరాయి. ఇదంతా సరిపోయింది. వాణి గొట్టంలో మాత్రం మార్పే లేదు. రెండు కాపీలూ సవ్యంగా ఉన్నాయి.

పాదం మెలిపడిన పిల్లకు సవ్యమైన జన్యువు ఉండకూడదని ఏమీ లేదు. నిజంగానే బెణికి ఉండవచ్చు. నన్ను ఆపింది ఇంకొకటి. అదే జన్యువులో జబ్బుతో సంబంధంలేని చిన్న తేడా ఒకటి ఉంటుంది, కొందరిలో ఉండేది, కొందరిలో లేనిది. సుబ్బయ్య శెట్టికి అది రెండు కాపీల్లోనూ ఉంది. అంటే ఆయన ఏ బిడ్డకైనా కనీసం ఒకటి చేరి తీరాలి. వాణి గొట్టంలో అది ఒక్కటీ లేదు.

డాక్టరుగారి గది తలుపు వేసి ఇద్దరం కూర్చున్నాం. ల్యాబులో గొట్టాలు మారి ఉండాలి. లేదా ఆ రక్తం వాణిది కాకపోయి ఉండాలి. మూడో సంగతి ఇద్దరికీ తట్టింది, ఇద్దరం పైకి అనలేదు. వాణి సుబ్బయ్య శెట్టి కూతురు కాకపోయి ఉండాలి. ఈ కాగితం ఆ ఇంటికి వెళితే ఇప్పటిదాకా కోడలి మీద ఉన్న వేలు తల్లి వైపు తిరుగుతుంది.

డాక్టరుగారి అనుమానం బాషా మీదికి పోయింది. సంజాయిషీ రాసివ్వమని మెమో ఇచ్చారు. బాషా ఆ కాగితం పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు. “గొట్టం మీద పేరు రాసినాకనే సూది తీస్తా మేడమ్. ఇన్నేండ్ల సర్వీసులో ఒక్క గొట్టం మారింది ల్యా. ఆ పెద్దమ్మ ‘మా వాణి’ అని పిల్చి కూచోబెట్టింది, తీసినా. నేను ఇంగ ఏం రాయల్ల?” అదే గొట్టం నుంచి నేనే స్వయంగా మళ్ళీ డీఎన్ఏ తీసి పరీక్షించాను. అదే ఫలితం. గొట్టంలో తప్పు లేదని తేలింది గాని బాషా మీద మాట తొలగలేదు. రక్తం తీసేచోటే పొరపాటు చేసి ఉంటాడని డాక్టరుగారు అనుకున్నారు. ల్యాబులో మాటలు తగ్గిపోయాయి. బాషా ప్రతి గొట్టాన్నీ నాకు ఎత్తి చూపించి మరీ పెట్టేవాడు.

ఈలోగా నేను మళ్ళీ హైదరాబాదు వెళ్ళాను. అక్కడ నా పరీక్ష కూడా నన్ను ఇబ్బంది పెట్టింది. జన్యువులో మార్పు కనబడినంత మాత్రాన అదే జబ్బుకు కారణమని అనకూడదు. ఆ మార్పుతో డొమైన్ పని ఆగిపోతోందని చూపించాలి. మూడు ఎంజైములనూ యుబిక్విటిన్‌తో కలిపి, ప్రొటీన్లను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపిస్తే, పని జరిగినచోట గొలుసులు ఒకదానికంటే ఒకటి పొడవుగా నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. మామూలు డొమైన్‌కు నిచ్చెన బాగా వచ్చింది. సిస్టీన్ పోయిన డొమైన్‌లో చాలా భాగం ముద్దకట్టి గొట్టం అడుగుకు చేరింది. కరిగి మిగిలిన కొంచెంతో పరీక్ష చేస్తే మసకగా నిచ్చెన కనబడింది. పనిచేయకూడనిది పనిచేస్తోంది. ప్రొటీన్ శుభ్రపరిచే కాలమ్‌లో అంతకుముందు మామూలు డొమైన్‌ను నడిపారు. దాని శేషం అంటుకుని ఉందేమోనని కొత్త కాలమ్ తెప్పించాను. ఈసారి నిచ్చెన లేదు. మార్పు డొమైన్‌ను నిజంగానే పడగొడుతోంది.

నేను కర్నూలు తిరిగొచ్చాక ఒక పొద్దున పద్మావతి ఒంటరిగా వచ్చింది. నాలుగో నెల. తనకు పుట్టబోయే బిడ్డకు ఈ జబ్బు వస్తుందో రాదో చెప్పమంది. చెప్పాలంటే ఆమె రక్తం కూడా చూడాలి. సరేనంది. బాషాను పిలిచాను. ట్రే పట్టుకుని లోపలికి వచ్చినవాడు గడపలోనే ఆగిపోయాడు.

“ఏందమ్మా వాణీ, నువ్వే ఈడికి వచ్చినావా?” అన్నాడు.

పద్మావతి తల వంచుకుంది. నేను బాషాను కూర్చోమని, తలుపు వేసి, ఆమెను అడిగాను.

“మాయత్త చెప్పింది మేడమ్. ‘వాణి పేరు చెప్పి నీ చెయ్యి చాపు. చాపితే ఒంటిమిట్టా లేదు, పుట్టిల్లూ లేదు. ఈడనే ఉందువు’ అనింది. వాణి నా కాడికొచ్చి శానా ఏడిచింది. పెండ్లి నిల్చిపోతాదని. మా మామ, ఆయన రక్తమిచ్చి అంగడికి పోయినాక నేను చెయ్యి చాపినా. ఆ పొద్దే నాకు తెలిసిపోయె. వాణికీ అదే వచ్చినాదని ఆయమ్మకు తెలుసు. వాణికి నేనేం మందు పెడ్తి? మందు కాదని తెలిసే నన్ను అంటాంది.”

ఆ మాటనూ నేను వెంటనే నమ్మలేదు. అత్త మీద కోపంతో చెప్పవచ్చు, వాళ్ళ గొడవలో నన్ను వాడుకోవచ్చు. ఆ రోజు తీసిన ఆమె రక్తాన్ని వాణి పేరున్న గొట్టంతో పోల్చాను. చూసిన ప్రతిచోటా రెండూ ఒకటే. అప్పుడు నమ్మాను.

డాక్టరుగారు కుటుంబాన్ని పిలిపించారు. పద్మావతి పేరు బయటపెట్టకూడదని ముందే అనుకున్నాం. వాణి పేరున వచ్చిన నమూనా పనికిరాదు, ఆమె ఆసుపత్రికి వచ్చి మళ్ళీ ఇవ్వాలి అని చెబితే చాలు. డాక్టరుగారు అలాగే మొదలుపెట్టారు. నారాయణమ్మ ఒప్పుకోలేదు. ఒకసారి ఇచ్చాం గదా, ఆ రక్తానికి ఏమైందని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన విసిగి, “అది ఈయన కూతురి రక్తం కాదమ్మా” అనేశారు.

ఎప్పుడూ నోరు విప్పని సుబ్బయ్య శెట్టి భార్య వైపు తిరిగాడు.

“నా కూతురి రక్తం కాదంట. ఏమే, ఇంగెవరి కూతురిది?”

నేను కలగజేసుకోబోయాను. నారాయణమ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. ఒక్క మాట ఎత్తకుండా కూర్చుంటే భర్త కళ్ళలోని ఆ చూపు ఇక పోదు. మాట్లాడితే ఇన్నాళ్ళూ తను చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. పద్మావతి ఆమె ఎదురుగానే, ప్రసాదు పక్కన ఉంది. కోడలు ఒక్క మాటా సాయం చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరమూ లేదు.

“అది పద్మావతిది మామా,” అంది నారాయణమ్మ. “నేనే ఇప్పిచ్చినా.”

“ఏమిటికి?”

“వాణికీ కాలు తిరగబడతాంది. చలికాలం ముందు నుంచే.”

“అయితే మందు?” అన్నాడు ఆయన.

“మందూ లేదు, ఏమీ లేదు.”

ప్రసాదు అప్పుడు తలెత్తాడు. వణికే చేతిని కుడిచేత్తో పట్టుకుని, “ఆ పసరు తాగినప్పుడు నాకు పేగులు బయటికొచ్చినట్లు ఆయె మా,” అన్నాడు. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత నేను కాగితం మీద రెండు కాపీల బొమ్మ గీసి చూపించాను. తండ్రిలో ఒకటి, తల్లిలో ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి వాళ్ళిద్దరికీ జబ్బు లేదు. ఇద్దరి నుంచీ చెడినదే వచ్చిన బిడ్డకు వస్తుంది. ఎందుకు దాచావని డాక్టరుగారు నారాయణమ్మను అడిగారు. తన పుట్టింటి రక్తంలోనే దోషముందని అంటారని భయపడ్డానని ఆమె చెప్పింది. సుబ్బయ్య శెట్టి నేల చూస్తూ, “నీ పుట్టిల్లు మా అక్క ఇల్లే గదే,” అన్నాడు. ఆయనకు నేను గీసిన బొమ్మ పూర్తిగా అర్థమైందని అప్పుడు తెలిసింది.

వాణి ఆ వారమే తనంతట తాను వచ్చి రక్తమిచ్చింది. ఆమెకూ రెండు కాపీల్లో మార్పు ఉంది. ఆ కాగితం ఆమె చేతికే ఇచ్చాం. మేనమామ ఇంటికి ఆమే వెళ్ళి చెప్పింది. సంబంధం తప్పిపోయింది. తర్వాత ఆమె అంగడిలో కూర్చుంది. ఇప్పటికీ అంగడి చూసేది ఆమేనని విన్నాను. ఈ రకం జబ్బుకు తక్కువ మోతాదు మందులే బాగా పనిచేస్తాయి. ప్రసాదు కొన్ని నెలల్లో మళ్ళీ గుడ్డ చించగలిగాడు. పద్మావతికి రెండు కాపీలూ సవ్యమైనవే కాబట్టి పుట్టిన ఆడపిల్లకు ఈ జబ్బు రాదని గట్టిగా చెప్పగలిగాం. ఆ ఇంటికి పరాయి రక్తం రావడం వల్లనే అది సాధ్యమైంది.

పద్మావతి మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ కాపురం పెట్టలేదు. భర్తను తీసుకుని కల్లూరులో వేరే ఇల్లు చూసుకుంది. అత్త వచ్చి పిలిచినా పోలేదని ప్రసాదే చెప్పాడు. డాక్టరుగారు బాషాకిచ్చిన మెమో వెనక్కి తీసుకుని, పొరపాటయిందని అందరి ముందూ చెప్పారు. బాషా సలాం చేసి కాగితం తీసుకున్నాడు. ఏడాది తిరక్కముందే వేరే ఆసుపత్రిలో పని చూసుకుని వెళ్ళిపోయాడు.

నేను రిటైరయ్యేదాకా రెండు నియమాలు తప్పలేదు. మొదటిది, ఏ కుటుంబం వచ్చినా ఒక్కొక్కరినీ విడిగా గదిలో కూర్చోబెట్టి, పేరు వారి నోటే చెప్పించి, ఇష్టపడే ఇస్తున్నారా అని అడిగాకే సూది తీయించడం. అలా అడిగితే ఇష్టం లేదని చెప్పినవారు ఎప్పుడూ కొందరుండేవారు. వారిని పంపేసేవాళ్ళం. రెండోది అనుమానానికి సంబంధించింది. ల్యాబులో పని చేయాలంటే అనుమానం ఉండాలి. ముందు నమూనాను, తర్వాత పద్ధతిని, ఆ రెండూ తేలాకే మనిషిని అనుమానించాలి. ఆ ఏడు పాతబస్తీ ఇంట్లోనూ మా ల్యాబులోనూ ఈ వరుస తిరగబడింది. రెండు చోట్లా ముందుగా నింద పడింది ఎదురు చెప్పలేని మనిషి మీదే.